మధ్యలో ఆగరాదు

ఈత ఒకసారి వస్తే మరిచిపోయేది కాదంటారు. నిజమే. చేతులు మరిచిపోవు, కాళ్లు మరిచిపోవు. మరిచిపోయేది ఊపిరి. ఆ సంగతి మాత్రం ముందుగా ఎవరూ చెప్పరు.

సోమవారం పొద్దున్న ఆరింటికి చేప మునిసిపాలిటీ ఈతకొలను గట్టున నిలబడి కొత్త రబ్బరు టోపీని నెత్తి మీదికి లాక్కుంటున్నాడు. అది చెవుల దాకా వచ్చి మొరాయించింది. ఇంకాస్త లాగేసరికి చిటుక్కున జారి రెండు గజాల అవతల పడింది. వెళ్లి తెచ్చుకుని మళ్లీ మొదలుపెట్టాడు. చేప అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. కుర్రతనంలో ఈతపోటీల్లో పతకాలు కొట్టానని అంబులెన్సు స్టేషన్లో కనిపించిన వాడికల్లా చెప్పుకోవడం వల్ల వచ్చిన పేరు. ఇప్పుడా చేపకి నలభై తొమ్మిదేళ్లు, మనిషికంటే ముందు గుమ్మం దాటే పొట్ట, మెట్లు చూస్తే మూలిగే ఎడమ మోకాలు. పాతికేళ్లుగా అతనికి నీళ్లతో పరిచయం స్నానాల గదిలో బకెట్టు వరకే.

మెడలో విజిల్ వేలాడేసుకున్న కాపలా మనిషి దగ్గరికొచ్చాడు. "ఈత వచ్చా సార్?"

"వచ్చా ఏమిటయ్యా. నువ్వు పుట్టక ముందు నుంచీ వచ్చు."

"అయితే మూడో వరసలో దిగండి. నెమ్మదిగా కొట్టేవాళ్లది అదే. మొదటి రెండూ జోరుగా పోయేవాళ్లవి."

మూడో వరస అన్నందుకు చేప మొహం మాడ్చుకునే అటు నడిచాడు.

కొలను పొడుగు పాతిక మీటర్లు. ఎర్రబిళ్లలు గుచ్చిన తాళ్లతో నాలుగు వరసలుగా విడదీశారు. వరసలో కుడివారగా వెళ్లాలి, కుడివారగానే తిరిగి రావాలి. ఎడమపక్క నుంచి ఎదురు వచ్చేవాళ్లుంటారు కనుక ముందున్న మనిషిని మధ్యలో దాటిపోవడం కుదరదు. వెళ్లి వస్తే ఒక రౌండు.

చేప గోడని తన్ని వదిలాడు. మొదటి పది బారలు, ఈ పాతికేళ్లూ అబద్ధమన్నట్టు పడ్డాయి. నీళ్లు చెవుల పక్కనుంచి జారిపోతుంటే అతనికి నవ్వు కూడా వచ్చింది. పన్నెండో బారకి ఛాతీ మీద ఎవరో మోకాలు పెట్టి నొక్కినట్టయింది. గాలి కోసం తల తిప్పితే సగం గాలి, సగం క్లోరిన్ నీళ్లు వచ్చాయి. అవతలి గోడ అంచు చేతికి తగిలేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. నిజం చేపైతే కనీసం తోకైనా ఉండేది.

గోడ దగ్గర ఒక ముసలావిడ ఉంది. డెబ్బైకి అటో ఇటో. నల్లని నిండుచేతుల ఈతదుస్తులు, తెల్ల టోపీ. గడ్డం దాకా నీళ్లలో నిలబడి అతనివైపే చూస్తోంది. చేప నోరు మూసుకుని ముక్కుతో గాలి పీల్చడానికి తంటాలు పడ్డాడు. పరాయివాళ్ల ముందు రొప్పడం అతనికి చిన్నతనం. కాస్త కుదుటపడి గోడ వదలబోయేసరికి, ఆవిడ అతనికంటే ఒక్క క్షణం ముందు వదిలింది.

కప్పఈత. నెత్తిన పాలగిన్నె ఉన్నట్టు తల నిటారుగా పెట్టుకుని, తొందరన్నది లేకుండా సాగుతోంది. చేప నాలుగు బారల్లో ఆవిడ పాదాల దగ్గరికి చేరిపోయాడు. సరిగ్గా కొలను మధ్యకి వచ్చాక ఆవిడ ఆగింది. తాడు పట్టుకుని టోపీ సర్దుకుంది. చేసేదేముంది, చేప కూడా తాడు పట్టుకున్నాడు. ఆవిడ ఎడమ చెవి పక్క లాగింది, కుడి చెవి పక్క లాగింది, వెంట్రుక ఒకటి లోపలికి దోపింది. తర్వాత బయల్దేరింది.

ఆ రోజు మొత్తం అంతే. ప్రతి గోడ దగ్గరా అతనికంటే ముందు వదలడం, ప్రతిసారీ నడిమధ్యలో ఆగి టోపీ సర్దుకోవడం. ఏడింటికి విజిల్ ఊదేసరికి చేపకి మూడు రౌండ్లయ్యాయి.

"ఆ ముసలావిడ లేకపోతే ఇంకో మూడు కొట్టేవాణ్ణి" అన్నాడు ఇంటికొచ్చి, తడి తువ్వాలు తీగ మీద ఆరేస్తూ.

భార్య హైస్కూల్లో లెక్కల టీచరు. జవాబు పత్రాల కట్ట సంచిలో పెట్టుకుంటూ, "ఆవిడేం చేసింది పాపం?" అంది.

"దారికి అడ్డం. అడుగడుక్కీ ఆగుతుంది. ఓపిక లేనప్పుడు ఇంట్లో కూర్చోవచ్చు కదా."

"ఆ మాట ఎవరైనా మిమ్మల్ని అంటే?"

ఉన్నమాటంటే ఉలుకెక్కువ. చేప బూట్లు వెతుక్కున్నాడు.

స్టేషన్లో నోటీసు బోర్డు మీద ఒక కాగితం వారం నుంచీ వేలాడుతోంది. స్ట్రెచర్ మోసే సిబ్బందికి వచ్చే మంగళవారం దారుఢ్య పరీక్ష. ఎనభై కిలోల ఇసుకబొమ్మ, నాలుగంతస్తుల మెట్లు, ఇద్దరేసి మనుషులు. మధ్యలో దించరాదు, ఆగరాదు. ఆగినచోట ఆపమన్నది ఎవరో వారి పేరు రాసుకుంటారు. ఆ పేరు గలవాడు మర్నాటి నుంచి ఫోన్ల గదిలో కూర్చోవాలి. ఈ పరీక్ష ఎవరి పుణ్యమో అందరికీ తెలుసు. పోయిన నెల ఆసుపత్రిలో లిఫ్టు పాడైతే మూడో అంతస్తు వార్డుకి రోగిని మోసుకెళ్తూ, మలుపు దగ్గర స్ట్రెచర్ కింద పెట్టేసి గోడకి ఆనుకుని నిలబడ్డది చేపే. రోగి కొడుకు అది ఫోన్లో ఫొటో తీసి మరీ ఫిర్యాదు చేశాడు.

ఫోన్ల గదికి కిటికీ లేదు. అక్కడ నడుము పోగొట్టుకున్న పాత స్ట్రెచర్ మనిషి ఒకడు ఆరేళ్లుగా కూర్చుని ఉన్నాడు. పొద్దస్తమానం "అత్యవసర సేవ, చెప్పండి" అని అని, దారిలో ఎవరైనా పలకరించినా "చెప్పండి" అనే అంటాడు. చేప ఆ గది ముందునుంచి వెళ్లేటప్పుడు తల పక్కకి తిప్పుకుంటాడు. ఇరవై రెండేళ్లుగా అతను స్ట్రెచర్ కింది కొస మనిషి. మెట్లెక్కేటప్పుడు బరువంతా కింది కొస మీదే పడుతుంది. అది ఎవరికీ ఇవ్వలేదు.

పై కొస దూకుడుది. దూకుడు బండి డ్రైవరు. ఎంత అర్జంటైనా గతుకు కనిపిస్తే బండిని గుడ్లబుట్టలా దింపుతాడు కనుక ఎగతాళిగా ఆ పేరు స్థిరపడిపోయింది. పద్దెనిమిదేళ్లుగా ఇద్దరూ ఒకే బండి.

"ఏరా చేపా, నీళ్లు గుర్తుపట్టాయా నిన్ను?" అన్నాడు దూకుడు, ఆక్సిజన్ సిలిండర్ మీటరు చూస్తూ.

"నేను గుర్తుపట్టాను. వాటికే కొంచెం టైము పడుతుంది." చేప స్ట్రెచర్ బెల్టులు ఒక్కొక్కటే లాగి చూస్తున్నాడు. ఛాతీ బెల్టు, నడుము బెల్టు, మోకాళ్ల బెల్టు. కొక్కెం పడిన చప్పుడు వినబడితే గానీ వదలడు.

"డాక్టరుకి చూపించుకోరా అంటే ఈత అంటావు."

"మోకాలికి ఈతే మంచిదని డాక్టరే అన్నాడుగా."

"మోకాలి డాక్టరు మోకాలి గురించే చెప్తాడు. నేనంటున్నది మోకాలి గురించి కాదు."

చేప రబ్బరు షీటు పరిచి నాలుగు మూలలా బిగించాడు. "రౌండ్లు పెరిగితే ఊపిరి అదే వస్తుంది. నాకు తెలీదా?"

రౌండ్లు పెరిగాయి కూడా. మంగళవారం ఆరు. బుధవారం తొమ్మిది. గురువారం పన్నెండు. చేప వంటింటి క్యాలెండర్ మీద ఎర్రపెన్నుతో అంకెలు వేసి, పక్కకి జరిగి నిలబడి చూసుకున్నాడు.

భార్య కూడా చూసింది. లెక్కల మనిషి కదా, ఆ చూపు వేరు. "మూడు, ఆరు, తొమ్మిది, పన్నెండు."

"ఏం, బాగా లేదా?"

"బాగానే ఉంది. అంత బాగుండటమే బాగా లేదు. మనిషి ఒళ్లు అంత తిన్నగా పెరగదండీ. మా క్లాసులో ఎవడైనా ఇలాంటి జవాబులు రాస్తే పక్కవాడి పేపరు చూస్తాను."

"నీ పిల్లలూ నేనూ ఒకటేనా?"

"వాళ్లు అడిగితే ఒప్పుకుంటారు" అంది ఆవిడ.

నిజానికి చేపకి ఆనందంగానే ఉంది. ఆ ఆనందానికి అడ్డు ఒక్క తెల్లటోపీయే. నాలుగు రోజులుగా చూస్తున్నాడు, ఆవిడ ఒక్కసారి కూడా గోడ నుంచి గోడకి ఆగకుండా వెళ్లిన పాపాన పోలేదు. టోపీ కాకపోతే కళ్లజోడు, కళ్లజోడు కాకపోతే చెవిలో నీళ్లు. పైగా కావాలనే చేస్తున్నట్టు, అతను గోడకి చేరేదాకా కాచుకుని ఉండి, అతనికంటే ముందే వదులుతుంది. అతనికి కోపం వచ్చి ఒకసారి ఆలస్యంగా బయల్దేరదామని గోడ దగ్గరే ఆగాడు. ఆవిడ కూడా ఆగింది. మొండిదనుకున్నాడు.

శుక్రవారం బట్టలు మార్చుకునే గదిలో పళ్ల డాక్టరు అతన్ని పక్కకి పిలిచాడు. రెండో వరస మనిషి ఆయన. చేతికి నీళ్లలో పనిచేసే గడియారం, ప్రతి రౌండుకీ దాన్ని నొక్కి చూసుకోవడం, ఎవరి కాలి నీటిచుక్క మీద పడినా మొహం చిట్లించడం. ప్లాస్టిక్ కవరులో పెట్టిన కాగితం ఒకటి తీశాడు.

"మీకు ఇబ్బందిగా లేదూ, ఆ పెద్దావిడతో?"

"ఉందా అంటే ఉంది" అన్నాడు చేప, తల తుడుచుకుంటూ.

"గమనిస్తూనే ఉన్నాను. మీ బార చూస్తేనే తెలుస్తుంది, ఒకప్పుడు పోటీల్లో కొట్టిన బార. ఆవిడ లేకపోతే మీరు ఈపాటికి ఇరవై రౌండ్లు కొట్టేవారు. ఆవిడ ఆగితే వరసంతా ఆగుతుంది. మావైపు కూడా అలజడే. ఇది ఆఫీసుకి ఇస్తున్నాం. ఆగి ఆగి ఈదేవాళ్లని చిన్నపిల్లల కొలనులోకి మార్చమని. ఆవిడకీ అదే క్షేమం."

కాగితం మీద అప్పటికే అయిదు సంతకాలున్నాయి. ఆరోది ఆ వరసలో ఈదేవాడిదైతే బరువుంటుందని డాక్టరు అన్నాడు. పోటీల బార అన్న మాట చేప చెవిలో ఇంకా తియ్యగా మోగుతోంది. తడివేళ్లతో పెన్ను పట్టుకుని సంతకం పెట్టాడు. చివరి అక్షరం నీళ్లకి కాస్త చెదిరింది.

బయటికొస్తుంటే ఆవిడ సైకిల్ స్టాండు దగ్గర బెంచీ మీద కూర్చుని బూటు తాళ్లు కట్టుకుంటోంది. అతన్ని చూసి, "ఇవాళ పధ్నాలుగు కదూ బాబూ?" అంది.

లెక్క పెడుతోందని అతనికి తెలియదు. "పదిహేను" అన్నాడు ముక్తసరిగా, ఆగకుండా నడుస్తూ. నిజానికి పధ్నాలుగే.

శనివారం చేపకి డ్యూటీ పొద్దున్నే పడింది. ఆదివారం కొలను కడుగుతారు. సోమవారం వెళ్లేసరికి గోడ మీద కొత్త బోర్డు ఉంది. 'మూడో వరసలో మధ్యలో ఆగరాదు. ఆగి ఆగి ఈదువారు చిన్నపిల్లల కొలను వాడుకొనవలెను.' రంగు ఇంకా వాసన వేస్తోంది.

మూడో వరస ఖాళీగా ఉంది. నీళ్లు అద్దంలా పరుచుకుని ఉన్నాయి. చేపకి మనసులో ఏదో కాస్త గుచ్చుకున్నా, అది సంతోషం కిందే జమ వేసుకున్నాడు. రేపే పరీక్ష. ఇవాళ ఇరవై కొట్టి చూపించాలి. ఎవరికి చూపించాలో తెలీదు, కొట్టాలి మాత్రం.

గోడని తన్ని వదిలాడు. ఎదురు లేదు, అడ్డు లేదు. ఒక పొడుగు వెళ్లాడు. తిరిగి వచ్చేటప్పుడు సగానికి, ముందు తెల్లటోపీ కోసం కళ్లు వాటంతటవే వెతికాయి. లేదు. ఆగడానికి కారణం లేదు కనుక ఆగలేదు. గోడ తాకేసరికి చెవుల్లో హోరు. ఒక్క రౌండే. మొదటి రౌండు ఎప్పుడూ కష్టమే అనుకుని మళ్లీ తిరిగాడు.

రెండో రౌండు మధ్యలో చేతులు ఆడుతున్నాయి, కాళ్లు ఆడుతున్నాయి, గాలి మాత్రం గొంతు దాటి లోపలికి దిగడం లేదు. నోరు తెరిస్తే నీళ్లు. ఛాతీలో ఎడమవైపు ఏదో పిడికిలి బిగించింది. కింద చూస్తే పలకలు నీలంగా, చాలా లోతులో కనిపించాయి. భయం వేసింది. నలభై తొమ్మిదేళ్ల మనిషికి, నిలబడితే గడ్డం దాకా వచ్చే నీళ్లలో, చచ్చిపోతానేమోనన్న భయం వేసింది. చెయ్యి విసిరితే తాడు దొరికింది.

విజిల్ మోగింది. కాపలా మనిషి గట్టు మీద నుంచి బోర్డు చూపించాడు. "మధ్యలో ఆగకూడదు సార్. కొత్త రూలు."

"కళ్లజోడు" అన్నాడు చేప. అంతకుమించి మాట రాలేదు. కళ్లజోడు తీసి, పెట్టుకుని, మళ్లీ తీశాడు. పక్క వరసలోంచి పళ్ల డాక్టరు తల ఎత్తి ఒక చూపు చూసి వెళ్లిపోయాడు. చేప తాడు పట్టుకునే, చెయ్యి మార్చి చెయ్యి వేసుకుంటూ గోడదాకా పాకి, మెట్లెక్కి బయటికొచ్చాడు. ఒకటిన్నర రౌండు.

పొట్టిగోడకి అవతల చిన్నపిల్లల కొలను. అడుగున కార్టూను బొమ్మలు, మోకాలి మీదిదాకా నీళ్లు. ఆవిడ అందులో ఈ కొసనుంచి ఆ కొసకి నడుస్తోంది. ఈదడానికి అందులో నీళ్లు చాలవు. నలుగురు పసిపిల్లలు గాలితిత్తులు చేతులకి కట్టుకుని ఆవిడ చుట్టూ కేరింతలు కొడుతుంటే, వాళ్లకి తగలకుండా చేతులు పైకెత్తుకుని నడుస్తోంది. తెల్లటోపీ నెత్తిమీదే ఉంది.

చేప గట్టున కూర్చున్నాడు. "అమ్మా, మీ టోపీ..." అని ఆగిపోయాడు.

"టోపీకేం?" అంది ఆవిడ.

"అదే. ఎప్పుడూ సర్దుకునేవారు కదా."

ఆవిడ వచ్చి అతని పక్కన గట్టు మీద కూర్చుంది. కాళ్లు నీళ్లలోనే ఉన్నాయి. "టోపీ సరిగ్గానే ఉండేది బాబూ. పదకొండేళ్లుగా అదే టోపీ. నువ్వు వెనకాల వస్తుంటే వినబడేది. సగానికి వచ్చేసరికి నీ ఊపిరి తెగిపోయేది. మొదటి రోజు గోడ దగ్గర చూశాను కదా, చచ్చేలా ఉన్నావు, నోరు మూసుకుని ముక్కుతో పీలుస్తున్నావు. ఆగవయ్యా అంటే ఆగే రకం కాదనిపించింది. అందుకని నేనే ఆగేదాన్ని."

చేపకి క్యాలెండర్ మీది అంకెలు గుర్తొచ్చాయి. మూడు, ఆరు, తొమ్మిది, పన్నెండు. అవి పెరిగింది తన ఊపిరి పెరిగి కాదు, మధ్యమధ్య ఆవిడ ఆగబట్టి అన్నమాట. పక్కవాడి పేపరు ఇదే.

"మరి వాళ్లు మిమ్మల్ని ఇటు పంపిస్తుంటే చెప్పలేదేం?"

"చెప్తే నువ్వు మర్నాడు వచ్చేవాడివా?"

వచ్చేవాడు కాదు. అది ఇద్దరికీ తెలుసు.

"మా ఆయనది సరిగ్గా ఇదే చప్పుడు" అంది ఆవిడ, ఒక పసివాడి గాలితిత్తి జారిపోతుంటే పైకి లాగి కడుతూ. "ఒళ్లు పెరిగింది, తగ్గిస్తే పోతుంది అనేవాడు. ఎనిమిది నెలలు విన్నాను ఆ చప్పుడు. నువ్వు గుండె డాక్టరుకి చూపించుకో. ఈత ఎక్కడికీ పోదు."

"ఆ కాగితం మీద నా సంతకం కూడా ఉందమ్మా" అన్నాడు చేప.

"ఆఫీసులో చూపించారు. చివరి అక్షరం చెదిరింది" అంది ఆవిడ. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేదని అతనికి అనిపించింది. ఆవిడ లేచి మళ్లీ నడక మొదలుపెట్టింది.

చేప కాపలా మనిషి దగ్గరికి వెళ్లి, సంతకం వెనక్కి తీసుకోవాలంటే ఎవర్ని అడగాలన్నాడు. "నేను విజిల్ ఊదేవాణ్ణే సార్. కాగితం ఆఫీసుకి వెళ్లిపోయింది. రూలు వచ్చేశాక సంతకంతో పనేముంది?" అన్నాడతను. బట్టల గదిలో పళ్ల డాక్టరు జుట్టు ఆరబెట్టుకుంటూ, "ఎలా ఉంది ఖాళీ వరస?" అని అడిగాడు. అప్పుడే చెప్పి ఉండాల్సింది. నాలుక చివరి దాకా వచ్చింది. ఆవిడ ఆగింది నా కోసం, ఆగాల్సింది నేను, అనాలి. రేపు పరీక్ష అయిపోనీ, అప్పుడు చెప్తాను అనుకున్నాడు.

"బాగుంది" అన్నాడు.

ఇంట్లో క్యాలెండర్ మీద ఆ రోజు అంకె వేయలేదు. భార్య ఖాళీ గడి చూసింది, అతని మొహం చూసింది. అన్నం వడ్డించి పక్కనే కూర్చుంది.

మంగళవారం పదింటికి స్టేషన్ వెనక పాత క్వార్టర్స్ మెట్ల దగ్గర అందరూ చేరారు. సూపరింటెండెంటు మేడం చేతిలో అట్ట, దానికి క్లిప్పు పెట్టిన కాగితాలు. ఆవిడ మాట తూకం వేసినట్టుంటుంది, ఒకసారి రాస్తే కొట్టెయ్యదు. ముందు రెండు జతలు ఎక్కి దిగాయి. చెమటలు కారుతున్నా నవ్వుకుంటూ దిగారు.

"మూడో జత."

ఇసుకబొమ్మని స్ట్రెచర్ మీదికి చేర్చి చేప బెల్టులు బిగించాడు. ఛాతీ, నడుము, మోకాళ్లు. మూడు కొక్కేల చప్పుడూ విన్నాడు. దూకుడు పై కొస పిడి పట్టుకుంటూ అతని మొహంలోకి చూశాడు. "కింది కొస ఇవాళ నేను పట్టుకోనా?"

"నీ కొస నువ్వు పట్టుకో."

ఎత్తారు. మేడం వాళ్ల వెనకే మెట్లెక్కసాగింది, మిగిలినవాళ్లు ఆవిడ వెనక. మొదటి అంతస్తు బాగానే గడిచింది. రెండో దానికి వెళ్లే మెట్ల మీద బరువు వెనక్కి జరిగి చేప మణికట్ల మీదికి వచ్చింది. నోరు మూసుకుని ముక్కుతో పీల్చాడు. ఆ చప్పుడు ఇవాళ మొదటిసారి అతనికే వినబడింది. మెట్లకి రెండువైపులా ఉన్న గోడలకి తగిలి తిరిగి వస్తోంది. ఈల లాంటిది, చివర తెగిపోయేది. ఇదన్నమాట ఆవిడ విన్నది. రెండో అంతస్తు దాటి ఇంకో ఆరు మెట్లు. పిడికిలి మళ్లీ బిగిసింది. కళ్ల ముందు మెట్ల అంచులు రెండేసిగా కనబడ్డాయి. ఇంకొక్క మెట్టు. ఇంకొక్కటి.

స్ట్రెచర్ ఆగిపోయింది.

"ఆపు, ఆపు" అన్నాడు దూకుడు పైనుంచి. "చెయ్యి జారింది. దించుదాం."

మలుపు దగ్గరి చదునుమీద దించారు. దూకుడు కుడిచెయ్యి దులుపుకుంటూ, అరచెయ్యి ప్యాంటుకి తుడుచుకుంటూ, వేళ్లు ఒక్కొక్కటే విరుచుకుంటూ నిలబడ్డాడు. చాలా తాపీగా చేశాడు. చేప గోడకి ఆనుకున్నాడు. గాలి అందింది. ఇంకో నిమిషం ఇలా ఉంటే మిగతా రెండంతస్తులూ ఎక్కేస్తాడు. ఎక్కి దిగి కింది కొస మనిషిగానే ఉండిపోతాడు.

మేడం పెన్ను తీసింది. "ఆపమన్నది డ్రైవరు."

"చెయ్యి చెమట పట్టిందండీ మేడం, అంతే. ఇప్పుడు ఎక్కేస్తాం."

"రూలు ముందే చెప్పాం. ఎవరు ఆపితే వారి పేరు." ఆవిడ రాస్తోంది. "చెయ్యి జారేవాడికి బండి ఇవ్వడం కూడా ఆలోచించాల్సిందే. రేపట్నుంచి ఫోన్ల గదిలో రిపోర్టు చెయ్యండి."

దూకుడు మొహంలో రంగు పోయింది. డ్రైవరు కదా అని మందలించి వదిలేస్తారనుకున్నాడని ఆ మొహమే చెప్తోంది. చేపవైపు మాత్రం చూడలేదు. చూస్తే బయటపడుతుందని చూడలేదు. వేళ్లు విరుచుకోవడం మాత్రం మానేశాడు.

పద్దెనిమిదేళ్లలో వాడి చెయ్యి ఎప్పుడు జారింది? వర్షంలో జారలేదు, నెత్తురు అంటిన పిడి మీద జారలేదు. చేప నోరు తెరిచాడు. ముందు గాలి లోపలికి వెళ్లింది, తర్వాత మాట బయటికొచ్చింది.

"వాడి చెయ్యి జారలేదు మేడం."

"ఒరేయ్, నువ్వు ఊరుకో" అన్నాడు దూకుడు.

"జారలేదండీ. నాకు ఊపిరి ఆడటం లేదు. అది విని ఆగాడు. ఆ పేరు కొట్టేసి నాది రాయండి."

మేడం పెన్ను కాగితం మీద ఆగింది. ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ఎన్నాళ్ల నుంచి ఉంది మీకు ఇది?"

"చాన్నాళ్లే అయిందండీ."

"ఎవరికీ తెలియదా?"

"తెలుసు మేడం. తెలిసినవాళ్లు నాకోసం ఆగారు. వాళ్లనే అడ్డమన్నాను."

ఆవిడకి ఆ చివరి మాట అర్థమైందో లేదో గానీ, ఏనాడూ కొట్టెయ్యని మనిషి రాసినదాని మీద గీత గీసింది. పక్కన ఇంకేదో రాసింది. కింద నిలబడ్డవాళ్లలో ఒకణ్ణి పిలిచి కింది కొస పట్టుకోమంది. వాడు గబగబా మెట్లెక్కి వచ్చి, చేపని తప్పుకోమనడానికి మొహమాటపడి, పక్కగా ఒదిగి పిడులు అందుకున్నాడు. "ఛాతీ బెల్టు ఒకసారి చూసుకో" అన్నాడు చేప. వాడు చూసుకున్నాడు.

దూకుడు పళ్లు బిగించి, "నీకేం పోయేకాలంరా" అని గొణిగి పై కొస ఎత్తాడు. కళ్లలో నీళ్లు ఎవరికీ కనబడకూడదని ముందుకి తిరిగిపోయాడు. బొమ్మ మలుపు తిరిగి పైకి వెళ్లిపోయింది.

"కూర్చోండి. ఆసుపత్రికి మన బండే తీసుకెళ్తుంది" అంది మేడం.

చేప మెట్టు మీద కూర్చున్నాడు. తోటివాళ్లు పదిమంది చూస్తున్నారు. ఫోన్ల గది మనిషి కూడా ఎప్పుడొచ్చాడో, కింద మెట్ల కమ్మీ పట్టుకుని తలెత్తి చూస్తున్నాడు. ఇక ముక్కుతో పీల్చే ఓపిక లేదు, అవసరమూ లేదు. అందరి ముందూ నోరు తెరిచి, చప్పుడు అవుతుంటే అవనిచ్చి, రొప్పాడు. పైన నాలుగో అంతస్తులో బొమ్మని దించిన చప్పుడు వినబడింది.